తెల్ల చీమలు లేవు

జాతి భవిష్యత్తు ఇసకలో ఉందని పంచాయతీ సమితి వైస్ ప్రెసిడెంటు హజరత్తయ్యగారు చేపలు పట్టేవాళ్ల ఊరు ఇసకకుప్పం ఒడ్డున, బోర్లించిన పడవ మీద నిలబడి ప్రకటించారు. ఆ మాట అనేటప్పటికి ఆయన బూట్ల నిండా భవిష్యత్తే ఉంది. ప్రసంగం మధ్యలో రెండుసార్లు ఆగి, ఒక్కో బూటూ విప్పి దులిపి, వదిలిన వాక్యాన్ని వదిలిన చోటే అందుకున్నారు. అంత ఓర్పుగల నాయకుడు తాలూకా మొత్తంలో ఇంకొకరు లేరు.

"శ్రీహరికోట దీవిలో రాకెట్ల కేంద్రం వస్తుందంటున్నారు. రాకెట్టు వస్తే ఇంజనీర్లు వస్తారు. ఇంజనీర్లు వస్తే ఇళ్లు కావాలి. ఈ తీరాన ఇల్లు కొన్నవాడు ఇల్లు కొన్నట్టు కాదు, చంద్రుడికి నిచ్చెన వేసినట్టు! దీన్నే గృహ పెట్టుబడి అంటారు!"

పెట్టుబడి అనే మాట కుప్పంలో అందరికీ తెలుసు. షావుకారు వలకు పెట్టుబడి పెడితే ఆ వలలో పడ్డ చేపలన్నీ షావుకారువి. ఇంటికి కూడా పెట్టుబడి పెడితే ఆయన ఏం పట్టుకుపోతాడో నాగులమ్మకు అర్థం కాలేదు. ఆమె ఆడవాళ్ల వెనక, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

హజరత్తయ్యగారు మాటలతో సరిపెట్టే మనిషి కాదు. ప్రజలకు ఆదర్శంగా ఉండాలని, ప్రసంగం కంటే ముందే కుప్పంలో పదకొండు ఇళ్లు కొనేశారు. వాటి జాబితా జేబులోంచి తీసి చదివారు. ఒక్కో ఇంటికీ చప్పట్లు. "పదకొండోది, కీర్తిశేషులు పోలయ్య ఇల్లు. పెంకుటిల్లు. సముద్రానికి ఎదురుగా!" దానికీ చప్పట్లు పడ్డాయి. అందరితో పాటు నాగులమ్మా కొట్టింది. నాలుగు చప్పట్లయ్యాక పోలయ్య అంటే తన మొగుడేనని గుర్తొచ్చి చేతులు ఆపేసింది.

కాగితాల్లో ఆ ఇల్లు ఆమె బావగారు వెంకయ్య పేరునే ఉండేది. ఆయన వేలిముద్ర వేసి, నెల్లూరు బస్సెక్కి పదిరోజులైంది. ఇంట్లో మనిషి ఉందన్న సంగతి చెప్పడానికి ఆయనకు తీరిక దొరకలేదు.

మీటింగు అయ్యాక హజరత్తయ్యగారు స్వయంగా ఆమె వాకిట్లోకి వచ్చారు. వేదిక దిగితే ఆయనా అందరిలాగే మాట్లాడేవారు.

"ఏం నాగులమ్మా, సంతోషమేనా?"

"ఏందయ్యా సంతోషం?"

"నీ ఇల్లు దేశానికి పనికొస్తా ఉండాది. మద్రాసు కంపెనీ వాళ్లు కొంటామన్నారు. కాగితాలు కుదరంగానే నువ్వు ఖాళీ చెయ్యాల. దేశం కోసం."

నాగులమ్మ వాకిలి వంక చూసింది. నాలుగు బారల వాకిలి. పడవలు ఒడ్డెక్కే చోటికి అంత దగ్గరగా, అంత ఎండ పడే నేల కుప్పంలో ఇంకొకటి లేదు. అందులో ఎండేసిన నెత్తళ్లే ఆమె కూడు. వాకిలి పోతే చేపలు నెత్తి మీద ఎండేసుకోవాలి.

"దేశం ఏ పొద్దుకు వస్తాదయ్యా?" అని అడిగింది. "నెత్తళ్లు పరిచుండా. ఎత్తుకోవాల గదా."

హజరత్తయ్యగారి కళ్లు చెమర్చాయి. 'ప్రజల త్యాగబుద్ధి' అని పాకెట్ బుక్కులో రాసుకున్నారు, రాబోయే మీటింగుకు పనికొస్తుందని.

మద్రాసు కంపెనీ వాళ్లు చాలా పద్ధతైన మనుషులు. కొనబోయే ప్రతి ఇంటికీ పరిశీలన జరగాలనీ, కలప తినే ఒక రకం పురుగు లేదని ప్రభుత్వ ముద్రతో సర్టిఫికెట్టు కావాలనీ ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. ఆ పురుగుకు ఇంగ్లీషులో రెండు మాటల పేరుంది. సమితి ఆఫీసులో ఇరవై ఏళ్ల అనుభవమున్న గుమాస్తాగారు ఆ రెండు మాటలనూ విడివిడిగా నిఘంటువులో చూసి, మొదటిది తెల్ల అనీ, రెండోది చీమలు అనీ నిర్ధారించారు. 'తెల్ల చీమల పరిశీలనా పత్రము' అయిదువందల కాపీలు అచ్చయింది.

ఆ పత్రం పట్టుకుని సమితి ఓవర్సీరు గంగాధరం మిట్టమధ్యాహ్నం టార్చిలైటు వెలిగించుకుంటూ వచ్చాడు. పరిశీలన టార్చిలైటుతో చెయ్యాలని రూలుంది. ఎండ ఉంటే ఆర్పమని రూల్లో లేదు.

"తెల్ల చీమలు ఉన్నవా?" అని పత్రం చూసి చదివాడు.

"ఎర్రవుండాయి సామీ. నల్లవుండాయి. బెల్లం తెచ్చిన రోజు గండుచీమలొస్తాయి. తెల్లవి ఈ కుప్పంలో ఎవురూ చూళ్ళేదు."

"బాగా ఆలోచించి చెప్పు. గవర్నమెంటుకు అబద్ధం చెప్పకూడదు."

"మా ఆయన సముద్రంలో చానా దూరం పోయొచ్చినోడు. ఆయన గూడా ఎప్పుడూ చెప్పలా."

గంగాధరం తలూపి లోపలికి పోయాడు. నడిమింట్లో స్తంభం మొదట్లోని పుట్ట నుంచి దూలం దాకా చెయ్యి మందాన మట్టి గీత ఒకటి పాకి ఉంది. దాని మీద టార్చి వేసి, "ఇదేంది?" అన్నాడు.

"చెద."

"చెద అనే కాలమ్ పత్రంలో లేదే!"

"పత్రంలో లేకపోయినా స్తంభంలో ఉండాది సామీ. చెవి పెట్టి ఇనండి."

గంగాధరం స్తంభానికి చెవి ఆనించాడు. లోపల ఎవరో కొత్త కాగితాన్ని నెమ్మదిగా నలుపుతున్నట్టు చప్పుడు. అతను కళ్లు మూసుకుని, సంగీత కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాడిలా చాలాసేపు విన్నాడు.

"ఇనపడతాందా?"

"ఇనపడతాంది. తింటా ఉండాయి. అయితే తినే చప్పుడుకు రంగుంటుందా? తెల్లగా ఉండాయని నేనెట్టా రాసేది?" అని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాగులమ్మక్కా, ఇదేందో నాకు తెలుసు. నాకు తెలిసినా పత్రానికి తెలియదు. పత్రానికి తెలియంది నేను రాస్తే నా నౌకరీ పోతాది."

'తెల్ల చీమలు లేవు' అని రాసి, గుండ్రటి ముద్ర కొట్టి, సాక్షిగా నాగులమ్మ వేలిముద్ర తీసుకుని, మిగిలిన పది ఇళ్లకూ అదే ముక్క అక్కడే కూర్చుని రాసేశాడు. లేని చీమల కోసం ఇల్లిల్లూ తిరగడం ప్రభుత్వ కాలాన్ని వృథా చెయ్యడమే కదా.

నాగులమ్మ అతనికి మజ్జిగ తెచ్చి బయటి తిన్నె మీదే ఇచ్చింది. ఆమె వంట తిన్నె మీదే, పడక తిన్నె మీదే. దూలం నుంచి కూట్లో పొడి రాలిన రోజు మొదలు, రెండేళ్లుగా దీపం పెట్టడానికి తప్ప ఆమె నడిమింట్లో నిలబడదు.

పదకొండు సర్టిఫికెట్లు చేతికి రాగానే హజరత్తయ్యగారి కీర్తి జిల్లా అంతటా పాకింది. దాని వెనకాలే పంచాయతీ గుమాస్తా చెంచయ్య పన్ను నోటీసు పట్టుకుని వచ్చాడు. ఆ రోజు హజరత్తయ్యగారు జీపులో వచ్చి, నాగులమ్మ తిన్నె మీద కూర్చుని తన సముద్రాన్ని చూసుకుంటున్నారు.

"ఏంది చెంచయ్యా ఇది?"

"ఇంటిపన్ను సార్. పురుగు లేదని సర్టిఫికెట్టు వచ్చిన ఇల్లు మొదటి తరగతి. పన్ను మూడింతలు."

"ఏ దుర్మార్గుడు పెట్టినాడు ఈ రూలు?"

"తమరే సార్. పోయిన సమితి మీటింగులో. తీరప్రజలు కూడా అభివృద్ధి భారం మొయ్యాలని తమరు ఏడిస్తే అందరం ఏడ్చినాం."

"అది తీరప్రజలకు గదయ్యా! నేను తీరప్రజనా?"

"పదకొండు ఇళ్ల మేరకు సార్."

హజరత్తయ్యగారు కాసేపు అలలను లెక్కపెట్టి, "మినహాయింపు దేనికుండాది?" అన్నారు.

"మూడిటికి సార్. బడి, సత్రం, గుడి."

"బడి పెడితే పిల్లకాయలొస్తారు. సత్రం పెడితే అందరూ వస్తారు." ఇలాంటి జటిలమైన విషయాలు ఆయన నడుస్తూ ఆలోచిస్తారు. నడుస్తూ నడుస్తూ నడిమింట్లోకి పోయి ఆగిపోయారు.

స్తంభం మొదట్లో నడుమెత్తున పుట్ట. పసుపు, కుంకుమ, వాడిన బంతిపూలు, ముందు ఒక చిన్న ఇత్తడి గిన్నె.

"ఏమ్మే, ఇదేంది?"

"పుట్టయ్యా. చెద పెట్టింది. నాగులచవితికి నాలుగు చుక్కలు పాలు పోసినా."

"పాముండాదా?"

"నేను చూళ్ళేదు. పుట్టకు మొక్కే ముందర లోపలుండావా అని అడిగి మొక్కుతామా?"

"అంటే ఇది ఎవరిది?"

"నాగేంద్రుడిది."

హజరత్తయ్యగారు ఆ క్షణంలోనే బూట్లు విప్పేశారు. దోసెడు ఇసక రాలింది. భక్తి ఒక మనిషికి అంత తొందరగా రావడం తాను చూడలేదని చెంచయ్య తరవాత ఊళ్లో చెప్పుకున్నాడు.

దరఖాస్తు అక్కడే, తిన్నె మీదే రాశారు.

"ఆస్తి ఎవరిది సార్?"

"శ్రీ నాగేంద్రస్వామివారిది. నాకు గానీ నా వారసులకు గానీ దీనిపై ఎట్టి హక్కూ లేదు."

చెంచయ్య కలం ఆగింది. "సార్, అట్టా రాస్తే..."

"పన్ను పడతాదా?"

"పడదు."

"అయితే రాయి."

"నిత్యపూజ ఎవరు చేస్తారు?"

హజరత్తయ్యగారు చుట్టూ చూశారు. దగ్గర్లో ఉన్న మనిషి ఒక్కతే. "ఇదో, ఈమే."

"ఆమె నివాసం?"

"ఈడే. గుళ్లోనే."

"ఎంత కాలం?"

"మినహాయింపు ఎంత కాలముంటే అంత కాలం రాయవయ్యా!"

"వాకిట్లో చేపలుండాయే సార్. గుళ్లో నెత్తళ్లని రాస్తే బాగుండదు."

"వాకిలి వేరే రాయి. 'పూజారిణి జీవనార్థం ఉపయోగించు స్థలం' అను. నీకు తెలుగు గూడా నేనే నేర్పాలా?"

నాగులమ్మ గంప కింద పెట్టి దగ్గరికి వచ్చింది. "ఏం రాసినారు నాయనా?"

చెంచయ్య మొదటి నుంచీ చదివాడు. ఆమె వేళ్లతో నెత్తళ్ల తలలు గిల్లుతూ వింది. అయిపోయాక, "ఆ నివాసం అనే కాడ ఇంకొకసారి సదువు," అంది. చదివాడు. "వాకిలి కాడ?" అదీ చదివాడు. ఆమె చేతులు కడుక్కుంది. లోపలికి పోయి పుట్టకు దణ్ణం పెట్టుకుని వచ్చింది.

మిగతా పది ఇళ్లలో చెద ఇంకా అంత భక్తిగా పనిచెయ్యలేదు. అందుకని హజరత్తయ్యగారు కోవూరు నుంచి మేస్త్రిని పిలిపించి పది పుట్టలు కట్టించారు. ఆ మేస్త్రి అంతకు ముందు సంగం ఊరి దగ్గర కాలవ గట్లు కట్టినవాడు. పుట్టలన్నీ సరిసమానంగా, నీళ్లు నిలవకుండా వాలుగా వచ్చాయి. ఒకదానికి గాలి ఆడాలని కిటికీ కూడా పెట్టాడు. పంచాయతీ వారు పదకొండు గుళ్లనూ రికార్డులో ఎక్కించి పన్ను కొట్టివేశారు.

"ఇదంతా తాత్కాలికమేనయ్యా," అని హజరత్తయ్యగారు చెంచయ్యకు రహస్యం చెప్పారు. "మద్రాసు నుంచి జవాబు రాంగానే పుట్టలు తవ్వేసి, స్వామి ఖాళీ చేసినాడని ఇంకో దరఖాస్తు పెడదాం. ఈమెను గూడా ఆ పూటే పంపించేద్దాం."

తాత్కాలికమనే మాట నడిమింటి కిటికీలోంచి తిన్నె మీదున్న నాగులమ్మ చెవిన పడింది. ఆ రోజు నుంచి పుట్టకు రెండు పూటలా దీపం పెట్టింది.

ఆయన సర్టిఫికెట్లు జతచేసి మద్రాసుకు ఉత్తరం రాసిన మూడో వారం టెలిగ్రాం వచ్చింది. "సమాధానం గురువారం వచ్చును." హజరత్తయ్యగారు దాన్ని మూడుసార్లు చదివి కళ్లకద్దుకున్నారు. గురువారం తెల్లవారగానే నెల్లూరు పోస్టాఫీసుకు పోయి, సార్టింగు గది ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. టీ ఇస్తే తాగలేదు. పదకొండింటి టపా వచ్చింది. రెండింటి టపా వచ్చింది. సమాధానం రాలేదు. తపాలా శాఖ నిర్లక్ష్యం మీద పోస్టుమాస్టరుకు పావుగంట ఉపన్యాసం ఇచ్చి, జీపెక్కి కుప్పానికి బయల్దేరారు.

ఆ జీపు ఇంకా దారిలో ఉండగానే ఇసకకుప్పంలో ఒక నల్ల కారు ఆగింది. మద్రాసు కంపెనీ మేనేజరు సమాధానంగారు దిగారు. బక్కపలచని మనిషి, తెల్ల ప్యాంటు, చంకలో ఫైలు. పేరులో తప్ప ఆయనలో మెలికేమీ లేదు. నేరుగా నాగులమ్మ తిన్నె ఎక్కారు.

"అమ్మా, ఈ ఇల్లు చూడాలి."

"చూడండయ్యా. చెప్పులు ఇడిచి పోండి."

చెప్పులు విడిచారు. "ఇల్లుగలవారు ఉన్నారా?"

"లోపలుండాడు."

"ఎవరు?"

"నాగేంద్రుడు."

సమాధానంగారు ఫైలు చూశారు. "హజరత్తయ్యగారని కదా రాసింది?"

"ఆయన ఇదివరకటాయన. ఇప్పుడు ఈయన పేరునే రాసినారు."

"అయితే నాగేంద్రంగారిని ఒకసారి పిలవండి, మాట్లాడాలి."

"పిలిస్తే రాడయ్యా. పాలు పెట్టాల. పెట్టినా వస్తాడని నేను చెప్పలేను."

"ఆరోగ్యం బాగాలేదా?"

"ఆయనకేం, బాగానే ఉంటాడు. బయటికి రావడమే తక్కువ."

సమాధానంగారు లోపలికి తొంగిచూసి, పుట్టను చూసి, నాగులమ్మను చూసి, మళ్లీ ఫైలు చూసుకున్నారు. అప్పుడే జీపు వచ్చి ఆగింది. హజరత్తయ్యగారు దిగుతూనే, "ఎవరయ్యా నువ్వు, మా ఇంట్లో?" అన్నారు.

"సమాధానం అండీ."

"దాని కోసమే పొద్దుటి నుంచి పోస్టాఫీసులో పడి ఉండా! రాలేదు. నువ్వెవరో చెప్పవయ్యా ముందు!"

"నేనే సమాధానం అండీ. మద్రాసు నుంచి. టెలిగ్రాం ఇచ్చాము కదా?"

ఎంతటి నాయకుడికైనా కొన్ని విషయాలు నిదానంగానే తెలుస్తాయి. తెలిశాక ఆయన క్షణం వృథా చెయ్యలేదు. సమాధానంగారిని తిన్నె మీద కూర్చోబెట్టి, జీపు పంపి గంగాధరాన్నీ, సమితి మందుకొట్టే పంపునూ, డబ్బా గమాక్సిన్ పురుగులమందునూ తెప్పించారు. గంగాధరాన్ని ఇంటి వెనక్కి లాక్కుపోయారు. నాగులమ్మ అక్కడే పొయ్యిలోకి చిదుగులు ఏరుకుంటోంది.

"పోయి ఆ పుట్టకు మందు కొట్టి నేలమట్టం చెయ్. అరగంటలో."

"ఎందుకు కొట్టినావని ఆడిట్ వాళ్లడిగితే సార్?"

"చెదకని రాయి."

"చెద కాలమ్ పత్రంలో లేదు సార్."

"అయితే తెల్ల చీమలకని రాయి!"

"తెల్ల చీమలు లేవని నేనే రాసినా. లేనిదానికి గవర్నమెంటు మందు ఎట్టా కొట్టేది? రెండింటి మీదా నా సంతకమే ఉంటాది."

"మందొద్దు. గడ్డపార తీసుకో."

"గుళ్లో గడ్డపార పెట్టాలంటే దేవాదాయ శాఖ పర్మిషను కావాల సార్. పురుగులకు నేను గానీ, దేవుళ్లకు కాదు." గంగాధరం చిదుగుల వైపు చూపు తిప్పి, "ఉండేది చెదే గదక్కా?" అన్నాడు.

నాగులమ్మ నిటారుగా నిలబడింది. చేతిలో చిదుగులున్నాయి. తన ఇంట్లో ఉన్నదేమిటో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆమే.

"తెల్ల చీమలు లేవు సామీ," అంది. "నేను వేలిముద్ర వేసుండా గదా."

హజరత్తయ్యగారు ముందు వాకిట్లోకి వచ్చేసరికి చెంచయ్య రికార్డు పుస్తకం తెచ్చి సమాధానంగారి ముందు పెట్టి ఉన్నాడు. అడిగినవారికి రికార్డు చూపించడం అతని ఉద్యోగం. 'నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కూ లేదు' అన్నచోట సమాధానంగారి వేలు ఆగి ఉంది. ఆయన లేచి నిలబడి హజరత్తయ్యగారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"పదకొండు ఇళ్లు! అమ్ముతామని మాకు ఉత్తరం రాసి కూడా, మనసు మార్చుకుని దేవుడికి ఇచ్చేశారు. మా కంపెనీలో ఇలాంటివారు ఒక్కరూ లేరండీ. మీ మీద బలవంతం చెయ్యము."

నిజంగానే అన్నారు. కారు ఎక్కేముందు పుట్ట వైపు కూడా ఒక నమస్కారం పెట్టి వెళ్లారు.

ఆ తరవాతి వారం ఇసకకుప్పంలో ఇంకో సభ జరిగింది. జాతి భవిష్యత్తు ఇసకలో కాదు, భక్తిలో ఉందని హజరత్తయ్యగారు ప్రకటించారు. నెల్లూరు నుంచి ఒక పత్రిక మనిషి వచ్చాడు. ఏకాదశ నాగేంద్రాలయ వ్యవస్థాపక ధర్మకర్తగా ఆయనకు పూలదండ వేశారు. సభ నాగులమ్మ ఇంటి నడిమింట్లో పెట్టారు. చిన్న గది, ఇరవైమంది.

"బయట తిన్నె మీద కూచోండయ్యా, గాలొస్తాది," అని నాగులమ్మ అంది.

"గర్భగుడిలో గాలేంది!" అన్నారు హజరత్తయ్యగారు.

"వాకిట్లో చాప గూడా ఏసుండా. ఆడైతే అందురూ పడతారు."

ఎవరూ కదల్లేదు. ఆయన ఫోటోనూ, గంగాధరం ఇచ్చిన సర్టిఫికెట్టునూ ఒకే ఫ్రేములో బిగించి తెచ్చారు. గుళ్లో వచ్చేపోయేవారికి కనపడేటట్టు స్తంభానికి తగిలించాలి. మేకు ఉంది గానీ సుత్తి తేవడం మరిచారు. గంగాధరం రాయి వెతకడానికి బయటికి పోబోయాడు.

"రాయెందుకు నాయనా, ఇట్టా ఇయ్యి," అని నాగులమ్మ మేకు తీసుకుంది. మొనను స్తంభానికి ఆనించి బొటనవేలితో నొక్కింది. మేకు తలదాకా దిగిపోయింది. ఆమె దాన్ని గోటితో కొంచెం వెనక్కి లాగి, ఫ్రేము తగిలించి, చేతులు తుడుచుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె శక్తికి పత్రిక మనిషి కూడా కొట్టాడు. గంగాధరం ఒక్కడే కొట్టకుండా, ఎవరి కాళ్లూ తొక్కకుండా నెమ్మదిగా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఈ స్తంభాన్ని చూడండి!" అంటున్నారు లోపల హజరత్తయ్యగారు. "నా ప్రజాసేవకు ఇదే నిదర్శనం. వెయ్యేళ్లు నిలబడుతుంది. కావాలంటే చూడండి!" ఆయన స్తంభాన్ని చరచడానికి చెయ్యెత్తారు.

నాగులమ్మ అప్పటికే వాకిట్లోకి దిగి, నెత్తళ్ల తడికను గోడకు దూరంగా, పడవల వైపు జరుపుకుంటోంది.